చర్చి మలుపులో ఎత్తిన పాదం

నవంబరు మొదటి శనివారం నా మగ్గాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి అటకెక్కించారు. పాత గుడ్డ పేలికలతో తివాచీలు నేసే మగ్గం అది, మా అత్తగారిది. విప్పడానికి మా ఆయన ఓస్మోకి గంటన్నర పట్టింది. అంతసేపూ నేను వంటింట్లో పిండి పిసుకుతూ కూర్చున్నాను, అవసరం ఉన్నదానికంటే చాలా ఎక్కువ పిసికాను. సాయంత్రానికి ఆ జాగాలో ఒక కారు సీటు వచ్చి కూర్చుంది. ఒట్టి సీటే, కారు లేదు.

సీటు మా ఆయన పాత పందెం కారుది. దాన్ని చెక్క పలకల మీద బిగించి, ముందు బల్లకి స్టీరింగు, కింద పెడళ్లు, ఎదురుగా పెద్ద స్క్రీను పెట్టింది మా మనవరాలు వెన్లా. మా అమ్మాయి మెర్యా కూతురు అది. పంతొమ్మిదేళ్లు, బండ్ల మరమ్మతు చదువుతోంది, గోళ్లలో ఎప్పుడూ నల్ల నూనె. ఇలాంటి సీట్లో కూర్చుని ఎక్కడెక్కడి దేశాల వాళ్లతోనో పందేలు వేస్తుంది.

మంచు పడ్డాక మా మోటారు క్లబ్బు ముసలాళ్లకి పొద్దు గడవదు. వేసవి ఆదివారాలన్నీ ఇసుక గుంటల్లో పాత కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ తోలే మనుషులు, చలికాలమంతా పెళ్లాల కాళ్లకి అడ్డం పడుతుంటారు. ఆ ఏడు రైమో ఒక ఆలోచన చేశాడు. రైమో మా ఆయనతో నలభై ఏళ్లు పందెం వేసినవాడు, క్లబ్బుకి పెద్ద. అరవై దాటినవాళ్లకి ఇంట్లో కూర్చునే పోటీ పెడదామన్నాడు. ఎవరింట్లో వాళ్లు, ఒకే ట్రాకు మీద, రెండు వారాలకొక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరు పోటీలు.

మొదటి రోజు మా ఆయన బండిని ఏడుసార్లు కంచెకి కొట్టాడు.

"దీనికి నడుం లేదు," అన్నాడు చివరికి.

"కారుకి నడుమేంటి తాతా?" అంది వెన్లా.

"కారుకి కాదు, నాకు. బండి వెనక జారితే ముందు నా పిర్రలకి తెలుస్తుంది. డెబ్భై నాలుగేళ్లుగా అవే చెబుతున్నాయి. ఇక్కడ వాటికేమీ తెలియడం లేదు."

"వాటికి సెలవిచ్చెయ్ మరి. అరచేతులు చూసుకో. చక్రం బరువుగా ఉందంటే టైరు నేలని పట్టుకుంది. ఉన్నట్టుండి తేలికైపోయిందనుకో, జారుతోంది. అప్పుడింకా తిప్పితే ఇంకా జారుతుంది. తిప్పకు, కొంచెం వదులు."

"చెవులు?"

"చెవులు కూడా. టైరు సన్నగా పాడుతుంటే సరే. అరిచిందంటే ఆలస్యమైపోయినట్టే."

"మీ అమ్మమ్మతో కాపురం లాగే ఉంది," అన్నాడు ఆయన, నాకు వినపడేలా.

"కాపురంలో కంచెకి కొట్టింది కూడా నువ్వే," అన్నాను వంటింట్లోంచి.

ఆ ట్రాకులో పదకొండో మలుపు ఒకటుంది. కుడి వైపుకి, ఐదో గేరులో, పొడుగ్గా. దూరంగా గుట్ట మీద తెల్ల చర్చి కనబడుతుంది కాబట్టి ముసలాళ్లందరూ దాన్ని చర్చి మలుపు అన్నారు. నెమ్మది మలుపులు ఎవరైనా తీసుకుంటారట, మనిషి సత్తా బయటపడేది అక్కడేనట. వెన్లా ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. ఒక రోజు ఉన్నట్టుండి ఎక్కింది, అది కూడా పాల లారీ గుర్తొచ్చాక.

మా ఆయన ముప్పై ఎనిమిదేళ్లు పాల లారీ నడిపాడు. పల్లెల్లో కొట్టాలన్నీ తిరిగి పాలు ఎత్తుకుని పాల కేంద్రానికి చేర్చడం. నిండు ట్యాంకుతో భయం లేదు, ఖాళీ ట్యాంకుతోనూ లేదు, సగం నిండిన ట్యాంకే మనిషిని చంపేది అనేవాడు.

"చూడు," అని వెన్లాని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు ఆ రోజు. "మలుపుకి ముందే, దారి ఇంకా తిన్నగా ఉండగానే, పాదం ఇంత ఎత్తాలి. ఇంతే. పాలు ముందుకొచ్చి కుదురుకుంటాయి. అప్పుడు చక్రం తిప్పాలి, ఒకే తిప్పు, నిదానంగా, ముసలమ్మ దుప్పటి లాక్కున్నట్టు. తిప్పాక పాదం మళ్లీ సమంగా ఆనించాలి, బయటికొచ్చేదాకా కదల్చకూడదు. చూపు దగ్గర పెట్టకూడదు, దారి ఎక్కడ విప్పుకుంటుందో అక్కడ పెట్టాలి. మధ్యలో భయమేసి పాదం ఎత్తావనుకో, పాలన్నీ ముక్కు మీదకి దూకుతాయి, తోక తేలిపోతుంది, నువ్వు వెనక్కి తిరిగి వచ్చిన దారి చూస్తావు."

"మా కోచ్ దీన్నే అరగంట వీడియోలో చెప్పాడు," అంది వెన్లా. "పాల సంగతి చెప్పలేదు."

"వాడెప్పుడూ పాలు మోసి ఉండడు. భయపడాల్సింది మలుపు ముందు. లోపలికెళ్లాక భయపడి లాభం లేదు."

నేను గోడ ఇవతల ఉండేదాన్ని. నేను చదివింది ఐదో తరగతి, ఆ స్క్రీను మీద రాతలు నాకు సగం తెలియవు. కానీ ఇంజను చప్పుడు తెలుసు. చర్చి మలుపు వస్తే ఆ చప్పుడు ఒక్క ఊపిరి కిందికి దిగి, వెంటనే లేచి, ఒకే శ్రుతిలో పొడుగ్గా సాగేది. రొట్టె కాలుస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా ఆ శ్రుతి వింటే నా భుజాలు కిందికి దిగేవి. చెప్పొద్దూ, పెళ్లయిన యాభై ఏళ్లలో మా ఆయన్ని నేను అంత శ్రద్ధగా విన్నది ఆ నెలలోనే.

మొదటి పోటీలో ఐదో స్థానం, రెండోదాంట్లో మూడు. మూడో స్థానం వచ్చినరోజు రైమో ఫోను చేసి, "ఓస్మో, నీ కారు అడుగుతున్నాను," అన్నాడు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మామూలు జనం పాత కార్లతో వేసే మా పందేల్లో అదొక పద్ధతి. పోటీ అయ్యాక ఎవరైనా సరే నీ కారు కావాలని అడగవచ్చు, అందరికీ ఒకటే ధర, ఇవ్వనంటే కుదరదు. అందుకే కారు లోపల దొంగ పనులు ఎవడూ చేయడు, చేస్తే రేపు అది ఇంకొకడి కొట్టంలో ఉంటుంది, వాడు బానెట్ ఎత్తి చూస్తాడు. రైమో ఆ పద్ధతినే ఈ ఆటలోకి తెచ్చాడు. అడిగితే నీ కారుకి నువ్వు పెట్టుకున్న అమరికలన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపాలి. వాళ్లు తమ ఇంట్లో తెరిచి నడిపి చూస్తారు. ఎవరైనా నీ కారు అడిగారంటే అంతకంటే పొగడ్త లేదు. మా ఆయన కారుని ఇసుక గుంటల్లో పదకొండుసార్లు అడిగారు, పదకొండుసార్లూ నవ్వుతూ ఇచ్చి ఇంటికి బస్సులో వచ్చాడు. నలభై ఏళ్లలో ఆ కార్లలో ఎవరూ తప్పు పట్టలేదు.

క్రిస్మసు రోజున వెన్లా నన్ను కూడా ఆ సీట్లో కూర్చోబెట్టింది. "అమ్మమ్మకి సాయం పెట్టాను," అంది. స్క్రీను మూలన చిన్న కారు బొమ్మ, దాని వెనక నీలం గీత. మూడు నొక్కులు నొక్కితే ఆ గీత వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. గీత ఉంటే బండి తోక తూలబోయినప్పుడల్లా మెషీనే పట్టి నిలబెడుతుంది. నేను చర్చి మలుపుని కళ్లు మూసుకున్నంత పని చేసి కూడా దాటాను.

"నడక నేర్చే పిల్లల తోపుడు బండి," అన్నాడు మా ఆయన. "పోటీలో ఇది పెట్టుకుంటే క్లబ్బు గుమ్మం తొక్కనివ్వరు."

"ఎలా తెలుస్తుంది వాళ్లకి?" అని అడిగాను.

"ఆడేటప్పుడు తెలియదు. పెట్టుకున్నావా అని అడగరు కూడా. మనిషి మాట మీదే నడుస్తోంది."

జనవరిలో శ్రుతి తప్పింది.

మొదట ఒక చుట్టులో, తర్వాత రెండింటిలో. చర్చి మలుపు దగ్గర చప్పుడు దిగాల్సిన చోట దిగకుండా పోయి, మలుపు మధ్యలో దబ్బున పడిపోయేది. ఆ తర్వాత టైర్ల అరుపు, ఆ తర్వాత ఏమీ లేదు. నేను చేతిలో పని పట్టుకుని ఆగిపోయేదాన్ని. "ఇవాళ ట్రాకు తడిగా ఉంది," అనేవాడు ఆయన. ఆ ట్రాకు మీద ఎప్పుడూ వాన పడదు, వెన్లా అలా పెట్టింది.

మూడో పోటీలో ఆ మలుపు దగ్గరే బండి నాలుగుసార్లు గిర్రున తిరిగిపోయింది. ఆ వారం వెన్లా వచ్చి ఏవో గీతలు తెరిచి నాకు చూపించింది.

"ఇదిగో అమ్మమ్మా, ఇది డిసెంబరు. తాత పాదం ఇక్కడ ఎత్తాడు, మలుపుకి ముందు. ప్రతి చుట్టూ ఇక్కడే, గజం బద్ద పెట్టినట్టు. ఇది ఇప్పటిది. చూడు, ఎక్కడ ఎత్తుతున్నాడో."

"మధ్యలో."

"మధ్యలోకి వచ్చాక అది మలుపని గుర్తొస్తోంది తాతకి." అది గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత మంగళవారం ఆయన రొట్టెకి ఈస్టు కొనుక్కొస్తానని పాత వ్యాను తీసుకుని వెళ్లాడు. పది నిమిషాల దూరం. మూడు గంటలు గడిచినా రాలేదు. ఈలోగా ఎవరో షాపు పిల్ల మెర్యాకి ఫోను చేసింది. పాత పాల కేంద్రం మూతబడి తొమ్మిదేళ్లు, అక్కడ ఇప్పుడు కుర్చీలు, మంచాలు అమ్ముతారు. ఒక పెద్దాయన వచ్చి ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలని అడుగుతున్నాడనీ, వ్యాను తలుపు మీద ఎప్పుడో రాసిన మెర్యా నంబరు చూసి చేస్తున్నాననీ చెప్పింది. మెర్యా వెళ్లి తీసుకొచ్చింది.

గురువారం బఠాణీ సూపు తాగుతూ మెర్యా మాట ఎత్తింది.

"నాన్నా, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దాం. చిన్న పరీక్ష. గడియారం గీయమంటారు, నాలుగు మాటలు గుర్తుపెట్టుకోమంటారు, అంతే."

"గడియారం గోడ మీద ఉంది. నేనెందుకు గీయడం?"

"నాన్నా."

"దారి మూసేశారు. అందుకని ఆ వైపు తిరిగాను."

"దారి మూయలేదు."

ఆయన చెంచా కింద పెట్టాడు. "చర్చి మలుపుని బ్రేకు తాకకుండా తీసుకునేవాడికి మతి చెడిందంటున్నావు నువ్వు."

"నేనేమీ అనలేదు. అది ఆట, ఇది వేరు."

"వేరు కాదు. అక్కడ ఏమీ దాచలేం. సరే, ఇలా చేద్దాం. చివరి పోటీలో ఆ మలుపులో ఒక్కసారి తిరిగిపోయినా సరే, నేనే వచ్చి నీ డాక్టరు ముందు కూర్చుంటాను. తిరిగిపోకపోతే ఈ మాట మళ్లీ ఈ బల్ల దగ్గర రాకూడదు."

మెర్యా నా వైపు చూసింది. నేను లేచి ఆమె గిన్నెలో సూపు పోశాను, ఆ గిన్నె నిండుగానే ఉంది.

ఆ తర్వాత నెల ఆయన పడ్డ పాటు నేను చూశాను. పొద్దున్నే కూర్చునేవాడు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "ముందే ఎత్తు" అని రాసి స్క్రీను అంచుకి అంటించాడు. కొన్నాళ్లు పనిచేసింది. తర్వాత ఆ కాగితం చదవడం మొదలుపెట్టాడు, చదివేసరికి మలుపు వచ్చేసేది. ఒక రోజు నేను కాఫీ తీసుకెళ్తే, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని బండి కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. చర్చి ఇటు వైపు ఉండాలా, అటు వైపు ఉండాలా అని చూస్తున్నాను."

నాకు డాక్టరంటే భయం. అదేం భయమో నేను చెప్పలేను. మా అక్కని తీసుకెళ్లి అదే గడియారం గీయించారు. ఆమె అంకెలన్నీ ఒక పక్కకే రాసింది, అక్కడి నుంచి రెండేళ్లు బతికింది. జబ్బుకి పేరు పెట్టేదాకా అది మా ఇంట్లోకి రానట్టే అనుకున్నాను. మూర్ఖత్వమే, కానీ అలా అనుకునే పడుకున్నాను, అలా అనుకునే లేచాను.

చివరి పోటీ ఫిబ్రవరి ఆఖరి ఆదివారం. మెర్యా రాలేదు, వెన్లాని కూడా పంపలేదు. గెలుపైనా ఓటమైనా ఆయన ముందు నిలబడి చూడలేననుకుందేమో. పోటీకి ముందు ఆయనకో అలవాటుంది, అరుగు మీదకి వెళ్లి రెండు నిమిషాలు ఆకాశం చూస్తాడు. ఇసుక గుంటల్లో మబ్బు చూసి టైరు ఎంచుకునే రోజులనుంచి వచ్చిన అలవాటు. ఆ ఆటలో ఆకాశం మారదు, అయినా వెళ్లాడు. కిటికీలోంచి ఆయన వీపు కనబడుతోంది. నేను ఆ గదిలోకి వెళ్లాను. మూడు నొక్కులు. నీలం గీత వచ్చింది. చిన్న కారు బొమ్మని కనబడకుండా చేసే నొక్కు కూడా క్రిస్మసు రోజే చూశాను. అది కూడా నొక్కాను.

తర్వాత వంటింట్లో కూర్చుని బల్ల మీద పన్నెండు కాఫీ గింజలు వరసగా పెట్టాను. పన్నెండు చుట్లు. ఒక్కో చుట్టులో చర్చి మలుపు దాటగానే ఒక గింజ పక్కకి జరిపాను. చప్పుడు మధ్యలో పడబోతోంది, పడుతోంది, అయినా అరుపు లేదు, ఏదో చెయ్యి వచ్చి పట్టుకున్నట్టు బండి సర్దుకుంటోంది. పన్నెండూ జరిపాను. రెండో స్థానం.

ఆయన బయటికొచ్చి అరచేతులు తొడలకి రాసుకుంటూ నిలబడ్డాడు.

"తిరగలేదు," అన్నాడు.

"విన్నాను."

"బాగానే పోయింది. కానీ ఎవరో వెనక పట్టుకున్నట్టుంది హిల్కా. చక్రం ఒక్కసారి కూడా తేలిక కాలేదు."

"మంచిదేగా."

"మంచిదే," అన్నాడు నెమ్మదిగా. అప్పుడే ఫోను మోగింది. రైమో. ఇంత చక్కగా ఆ మలుపు తీసుకున్నవాణ్ణి ఈ చలికాలంలో చూడలేదన్నాడు. "ఓస్మో, నీ కారు అడుగుతున్నాను."

ఇన్నేళ్ల కాపురంలో ఆ పద్ధతి నాకు తెలియనిది కాదు. మూడో స్థానం వచ్చినప్పుడు అడగడం నా చెవులతో విన్నాను. అయినా నొక్కు నొక్కేటప్పుడు నాకది తట్టనే లేదు. ఆయన తిరిగిపోతాడేమో అన్న భయమే బుర్రంతా నిండిపోయింది. చక్కగా నడిపితే కారు అడుగుతారని ఎవరనుకుంటారు. ఆయన సంతోషంగా వెళ్లి నొక్కాల్సింది నొక్కి పంపేశాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

సోమవారం పొద్దున రైమో వచ్చాడు, మంచు మీద కాలితో తోసుకునే కుర్చీ బండి మీద, ఒక్కడే. టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి కప్పు కాఫీ చలి గురించి. రెండో కప్పు రోడ్డు మీద ఇసుక చల్లని మున్సిపాలిటీ గురించి. మూడోది పోశాక అన్నాడు, "ఓస్మో, నీ కారు తెరిచాను."

"ఎలా ఉంది?"

"బాగుంది." కప్పు తిప్పాడు. "అందులో సాయం ఉంది."

"ఏ సాయం?"

"వెనక పట్టుకునేది. నీలం గీత."

మా ఆయన నవ్వబోయి ఆగాడు. "నేను పెట్టలేదు."

"నేను కూడా అదే అనుకున్నాను. మనవరాలు ఎప్పుడైనా కూర్చుని మరిచిపోయి ఉంటుంది."

"వెన్లా మరిచిపోదు. అలాంటివి అది మరిచిపోదు."

గోడ గడియారం వినబడుతోంది. మా ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు, ఒకటి, తర్వాత రెండోది. "నిన్న చక్రం తేలిక కాలేదు," అన్నాడు తనలో తనే. తర్వాత తలెత్తాడు.

"నేనే పెట్టి ఉంటాను రైమో. ఈ మధ్య నాకు కొన్ని గుర్తుండటం లేదు. మొన్న పాల కేంద్రానికి కూడా వెళ్లానట."

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. మెర్యా ఎంత అడిగినా రానిది. నేను పొయ్యి దగ్గర కాఫీ కూజా పట్టుకుని ఉన్నాను. నోరు తెరిచాను. ఇద్దరూ నా వైపు చూశారు.

"పంచదార కావాలా రైమో?" అన్నాను.

"నేను వేసుకోను కదా," అన్నాడు రైమో. నలభై ఏళ్లుగా వేసుకోడు.

అంతే జరిగింది. ఆ నిమిషంలో నా మనసులో ఏముందో నేను చాలాసార్లు వెతుక్కున్నాను. రైమో ముందు సిగ్గు ఉంది, అది నిజం. దాని కింద ఇంకోటి ఉంది. ఇక ఈయన తనంతట తనే డాక్టరు దగ్గరికి పోతాడు, నేను చెయ్యి పట్టి తీసుకెళ్లక్కర్లేదు అన్నది. అది కూడా నిజమే.

"పట్టికలోంచి తీసేయాలి," అన్నాడు రైమో.

"తీసేయి. పేరు పక్కన ఎందుకో కూడా రాయి. మిగతావాళ్లకి ఎలా చేస్తామో అలాగే."

రైమో గుమ్మం దగ్గర ఆగి ఆయన భుజం మీద చెయ్యేశాడు. నేను వాళ్లని ఎరిగిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకరినొకరు అలా ముట్టుకోవడం చూడలేదు. రైమో వెళ్లాక మా ఓస్మో మెర్యాకి ఫోను చేసి, "నీ డాక్టరు ఎప్పుడు ఖాళీ?" అన్నాడు. సాయంత్రం ఆమె రాగానే వ్యాను తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఎవరూ అడగలేదు.

గడియారం గీశాడు. అంకెలు బాగానే రాశాడట, ముళ్లు పెట్టడం మరిచిపోయాడు. జబ్బు నిజమే, అక్కకి వచ్చిందే. మార్చిలో పేరు పెట్టారు, లైసెన్సు తీసేసుకున్నారు. ఇదెలాగూ జరిగేదే అని మీరనవచ్చు, మెర్యా కూడా తర్వాత అదే అంది. కాదనను. కానీ ఆయన మరిచిపోయినవి మరిచిపోయాడు, ఆ నీలం గీత ఒక్కటి మాత్రం ఆయన మరిచిపోయినది కాదు. చేయని పనిని ఎవరు మాత్రం ఎలా మరిచిపోతారు. ఆ రోజు నుంచి ఆయన తనని తాను నమ్మడం మానేశాడు. పొయ్యి ఆర్పి వచ్చి, ఆర్పానా అని నన్నడిగేవాడు. ఆర్పావు అంటే, సరే, నువ్వు చెబితే సరే అనేవాడు. నేను చెబితే సరేనట.

సీటు విప్పడానికి వచ్చినరోజు వెన్లా ఏవో తెరిచి చూసింది, ఆ సాయం ఎన్నింటికి పెట్టారో కూడా అందులో ఉంటుందట. ఒంటిగంటా యాభై రెండు నిమిషాలు.

"ఆ టైముకి తాత అరుగు మీద ఉంటాడు," అంది. "నువ్వే కదా అమ్మమ్మా."

"నేనే."

అది నన్ను తిట్టలేదు. వైర్లు చుట్టి పెట్టెలో పెట్టుకుంటూ, "తాతకి చెప్పు. తొందరగా చెప్పు. తర్వాత చెబితే వినేది వేరే ఎవరో అవుతారు," అంది.

రైమోకి మాత్రం ఆ వారమే వెళ్లి చెప్పాను. అతను క్లబ్బు పట్టిక తీసి ఆయన పేరు పక్కన రాసింది కొట్టేసి, దాని మీద ఇంటివాళ్లు పెట్టారు అని రాశాడు. నా పేరు రాయలేదు. రాయమన్నాను, రాయనన్నాడు. మా ఆయనకి చెప్పడానికి మాత్రం మే నెల వచ్చింది. ఇవాళ ఆయన కొంచెం నలతగా ఉన్నాడు, రేపు చెబుతాను. ఇవాళ బాగున్నాడు, ఎందుకు పాడుచేయడం. అలా రెండు నెలలు.

ఒక మంచి రోజు దొరికింది. మెట్ల మీద ఎండలో కూర్చుని విత్తనపు ఆలుగడ్డలు కోస్తున్నాం, ఒక్కో ముక్కకి ఒక్కో కన్ను ఉండేలా. ఆ రోజు ఆయన మాటలు స్పష్టంగా ఉన్నాయి, ఏ మడిలో ఏ రకమో నాకే చెబుతున్నాడు. నేను చెప్పేశాను. అరుగు మీద ఆయన వీపు, మూడు నొక్కులు, పంచదార, అన్నీ.

ఆయన కత్తి ఆపాడు.

"చివరి పోటీనా?"

"చివరిదే."

"రైమో వచ్చిన రోజు, నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

ఆయన దూరంగా దారి మలుపు వైపు చూశాడు, మళ్లీ దుంప వైపు.

"అయితే ఆ రోజు నాకు మతి సరిగానే ఉందన్నమాట," అన్నాడు.

మిగిలిన దుంపలన్నీ కోశాడు. రాత్రి భోజనం దగ్గర రొట్టె తనే కోసుకున్నాడు, నేను అందిస్తే తీసుకోలేదు. పడుకునేటప్పుడు గోడ వైపు తిరిగి, "ఒక్క రోజైనా ముందు చెప్పాల్సింది హిల్కా," అన్నాడు.

పొద్దున లేచేసరికి అదంతా పోయింది. "కాఫీ వాసన వస్తోంది," అంటూ నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. నేను ఉండబట్టలేక మళ్లీ చెప్పాను, మొదటి నుంచి. ఈసారి ఆయన గట్టిగా నవ్వాడు. "నువ్వా, ఆ మెషీన్ ముట్టుకున్నావా," అని నా చెయ్యి తట్టి, "పోనీలే, నా కోసమే కదా," అన్నాడు.

ఆ ఆటలో కంచెకి కొట్టుకుంటే ఒక నొక్కుంది. నొక్కితే కొట్టుకున్నది చెరిగిపోయి బండి మళ్లీ గీత దగ్గర నిలబడుతుంది, బాగా వచ్చేదాకా ఎన్నిసార్లైనా మొదలుపెట్టుకోవచ్చు. పోటీ రోజు మాత్రం అది పనిచేయదు. ఇది జరిగి ఆరేళ్లయింది, ఆయన పోయి నాలుగేళ్లు. ఆ తర్వాత నేను ఇంకెప్పుడూ ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆ నవ్వు కోసం ఇంకో పదిసార్లు చెప్పుకుని ఉండవచ్చు, పదిసార్లూ నవ్వేవాడేమో. కానీ నేను తప్పు చేసింది ముందు రోజు మెట్ల మీద కూర్చున్న మనిషికి. ఆయన నవ్వలేదు.